గీకని చుక్క

సుబేదారి బంగ్లల నుంచి ఒక పటమచ్చింది,
అద్దం పగిలి, చట్రానికి చెదలు పట్టి.
తెచ్చిన పిలగాడు ఆటోల నుంచే అరిసిండు:
"పైలం, తాతకు తాత నాటిదట,
పద్దెనిమిదొందల డెబ్బయ్యో ఎనభయ్యో.
అద్దమెయ్యి సాలు, ఇంకేం ముట్టకు."

చౌరస్తల నా దుకాణం ఆరడుగుల వెడల్పు.
ముప్పై ఏండ్ల సంది నేను అద్దం కింద పెట్టనిది లేదు:
పెండ్లి ఫొటోలు, పదో తరగతి మెమోలు,
సచ్చిపోయినోళ్ల మొఖాలు, మక్కా, లచ్చిందేవి,
సర్పంచు ఎవలికో చెయ్యి కలిపిన ఫొటో.
అన్నిట్ల ఎవలో ఒకలుంటరు, నా దిక్కే సూస్తుంటరు.

గీ పటంల ఎవ్వలు లేరు.

ఇసుక. దాని ఎన్క ఇసుక.
ఎండిన బొక్కల రంగు గుట్ట ఒకటి.
మూడొంతులు ఆకాశమే,
ఇత్తడి గిన్నె చింతపండుతోని తోమి
ఎండల బోర్లిచ్చినట్టు.
ఏ దేశమో, ఏ దొర గీసిండో,
పేరుండే మూలను చెదలు తిన్నయి.
ఒంటె ఎముకలు నాలుగు,
అవ్వి సుత నడుమల లెవ్వు, ఓ పక్కకు,
ఎవలికో తోవ ఇచ్చి జరిగినట్టు.

అద్దం ముక్కలేరి, మరకలు తుడిసిన.
ఇసుక నడుమ ఒక ఈగ రెట్ట.
నువ్వుగింజల సగం.
బ్లేడు మొన ఆనిచ్చిన సుత.

అప్పుడే చేర్యాల నకాశి పెంటయ్య అచ్చిండు
మూడు మూరల పటం చంకల పెట్టుకొని.
ఆయన పటం నాకెరుకే:
ఎర్ర నేల మీద గొల్లలు, గొర్లు, దేవుండ్లు, దొంగలు, కోళ్లు,
ఉప్పు చల్లితే రాలే సందుండది.
కండ్లద్దాలు నొసటికెత్తి వంగిండు.
"గిదేందిరా ఓదేలూ, కూలి సాల్లేదా గీసినోనికి?
గింత జాగ ఉత్తగ ఇడిసిపెడితే
కథ చెప్పేటోడు కట్టె ఏడ పెట్టాలె?"

నవ్విండు. నేనూ నవ్విన.
నవ్వుకుంటనే ఆయన వేలు ఆ చుక్క కాడ ఆగింది.
"ఆగు, గీకకు."
"రెట్ట, తాతా."
"రెట్టకు నీడుంటదా?"

భూతద్దం తీసిన.
ఉన్నది. ఎంటికంత నీడ.
తలగుడ్డ. చేతుల కట్టె.
మనిషి.

బయట ఆటోలోళ్లు కాజీపేట, కాజీపేట అని అరుస్తున్నరు.
చాయ్ మీద మీగడ కట్టింది.
వాడు లేనన్ని దినాలు అది ఉత్త జాగ.
వాడు కనవడ్డంక ఇసుక పెరుగుడు షురువైంది,
పటం అంచులు దాటి
నా మేకుల డబ్బల దాకా, గడప దాకా.

పెంటయ్య పోయేటప్పుడు చెప్పులేసుకుంట అన్నడు:
"మా పటంల ఎవలెటు వోతరో ముందే ఎరుక.
వీడెటు వోతున్నడో
గీసినోనికి సుత ఎరుక లేనట్టున్నది."

పటం బంగ్లకు పోయింది.
ఐదొందలడిగితే నాలుగొందలిచ్చిండ్రు.

మొన్న నడెండల మంథని వోయిన
బడికి ఇరవై చట్రాలిచ్చేందుకు.
గోదారి లేదు, ఇసుకున్నది.
చెప్పులు చేత వట్టుకొని దిగిన,
నాలుగడుగులకే కాళ్లు కాలి మళ్ల తొడుక్కున్న.
అవుతల నీళ్లు మెరిసినట్టుండె,
నేను నడిస్తే అవ్వి జరుగుతుండె.
శాన దూరం పోయినంక ఎన్కకు మళ్లి సూసిన.
ఒడ్డు మీద డ్రైవరు మొయిజు
నువ్వుగింజల సగం.

చెయ్యెత్తిన.
ఆడెత్తిండో లేదో.
చెవులల్ల నా నెత్తురు సప్పుడొక్కటే.
గంత ఆకాశం నా ఒక్కని మీద పెట్టుడెందుకో,
ఎవలన్న పైనుంచి వంగి
మరక అనుకుంటే ఎట్లనో.

పన్నెండు దాటింది.
తల వంచి కాళ్ల కింద దేవులాడిన.
ఉన్నది,
అరచెయ్యంత.